ప్రకృతి విశేషములు: పొలుసుల చెట్టుఫెర్ను

మేడిపూవును కన్నవారు లేరని లోకులు చెప్పుకొందురు. నిజమునకు మేడిచెట్టునకు పూవు లేకపోలేదు. అది కాయలోపల దాగియుండును. పూవు, కాయ, విత్తు అను మూడింటిలో నొక్కటియు లేకయే కోట్ల సంవత్సరములుగా వంశమును నిలుపుకొనుచున్న మొక్కలు వేఱే కలవు. వానిని ఫెర్నులందురు. ఆ కులములో మిక్కిలి పెద్దదియు, మన తూర్పుకనుమలలో వాగులవెంట పెరుగునదియు నగు పొలుసుల చెట్టుఫెర్నును గూర్చి ఈ మాసము సోదరీమణులకు విన్నవించెదను. చెట్టును వర్ణించి యూరకుండుట నా యుద్దేశము కాదు. అది యెట్టి చోట నిలువగలదో, మఱియొకచోట నేల నిలువజాలదో తెలిసికొన్నచో, మన యింటి బిందెలోని నీటికిని దానికిని గల సంబంధము కూడ తెలియవచ్చును.

ఏటేట వానకై మొగమెత్తి చూచు మెట్టసీమలో కూర్చుండి ఫెర్నులను గూర్చి వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. మా సోమందేపల్లె 2022వ సంవత్సరము వఱకు అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. జిల్లా పేరు మాఱినను మబ్బుల నడక మాఱలేదు. నైరుతి ఋతుపవనము తెచ్చు నీటిలో అధికభాగము పడమటికనుమలమీదనే కురిసిపోవును. ఈశాన్య ఋతుపవనము సముద్రతీరమునుండి యింత దూరము వచ్చునప్పటికి దాని బలము తఱిగిపోవును. కావున ఈ సీమకు సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే దక్కుచున్నది. వేరుసెనగ చేలలో దుమ్ము రేగు ఇట్టి నేలయందు సయితము ఫెర్నులు కలవు. ముందు వానిని చూచి పిదప తూర్పుకొండలకు పోవుదము. చిన్నదానిని ఎఱిగినవారికి పెద్దది సులువుగా తెలియును.

మయూరశిఖ యను పేరు వైద్యగ్రంథములు చదివినవారికి క్రొత్త కాదు. బండసందులలోను, పాతగోడల నెఱ్ఱెలలోను ఇది జానెడెత్తు కూడ లేక గుంపులుగా నిలుచును. దీని యాకు సన్నని చీలికలై, బొమ్మలపెండ్లికి చేసిన తాటాకు విసనకఱ్ఱవలె నుండును. వేసవిలో దీనిని చూచినవారు చచ్చినదని తలంతురు. ఆకులు లోనికి ముడుచుకొని, వన్నె చెడి, చేత నలిపిన పొడియగునో యనునట్లుండును. ఒక్క మంచివాన కురిసినచో నీరు పీల్చుకొని విప్పారి మరల పచ్చబడును. ఒంటిలోని నీటినంతయు దాదాపుగా వదలుకొని, ప్రాణమును మాత్రము బిగబట్టి యుండు విద్య దీనికి తెలియును. అట్టి విద్య తెలిసిన మొక్కలు లోకమున మిక్కిలి కొద్ది.

జాతరలలో సంజీవని యని యమ్మెడు ఎండిన ముద్దలు కూడ ఇట్టి స్వభావము గలవే. అవి ఫెర్నులకు దూరపు చుట్టమగు సెలాజినెల్లా యను జాతికి చెందినవి. నీటిగిన్నెలో వేసినంతనే విప్పారుటచే వానికి లక్ష్మణుని మూర్ఛ తీర్చిన యోషధి పేరు పెట్టి విక్రయింతురు. చచ్చిన ముద్దయైనను తడిసినపుడు విప్పారునని సోదరీమణులు గమనింపవలెను. తడికి ఆకు విచ్చుకొనుట ఒకటి, రోగము కుదురుట మఱియొకటి. బండమీద బ్రదుకుచున్న మొక్కను పెఱికి తెచ్చినవారికి డబ్బును, కొన్నవారికి ఒకనాటి వింతయు మిగులును. కొండకు మాత్రము మొక్క మిగులదు.

రాతిసందులలో పెరుగు మఱికొన్ని చిన్నఫెర్నుల కాడలమీదను, ఆకుల యడుగుభాగమునను గోధుమవన్నె పొలుసులో, నూగో, తెల్లని పొడియో యుండును. ఎండ ముదిరినపుడు ఆకు ముడుచుకొని యా యడుగుభాగమును పైకి త్రిప్పును. అప్పుడు పొలుసులే దానికి గొడుగగును. పొలుసన్నంతనే చేప యొంటిమీది గట్టి పెంకు మనకు తోచును. ఫెర్ను పొలుసు అట్టిది కాదు. ఉల్లిపొరకంటె పలుచనిది, ఊదిన లేచిపోవునది. దీనిని సోదరీమణులు గుర్తుంచుకొందురుగాక. పెద్దచెట్టువద్ద దీనితో మరల పనిపడును.

మా సీమలో ఫెర్నులకు రెండవ నివాసము బావి. పెద్దలు రాయి పేర్చి కట్టించిన దిగుడుబావులలో, రాళ్లసందులనుండి నీరూఱుచోట, హంసపది యనబడు ఫెర్ను పచ్చని తెరవలె వ్రేలాడుచుండెడిది. నల్లని సన్నకాడ, మెత్తని చిన్నయాకు, ఎల్లప్పుడు చల్లని నీడ. ఇదియే దాని సంసారము. ఆ పచ్చదనము గోడమీద ఎంతవఱకు నుండునో అంతవఱకు తేమ యున్నదని మెట్టుమీద నిలిచియే తెలిసికొనవచ్చును. బోరుబావులు పెరిగి, నూఱులకొలది అడుగుల లోతునుండి నీరు లాగుట మొదలైన తరువాత ఇట్టి బావులనేకము వట్టిపోయినవి. నీరు కంటికి కనబడకపోవుటకు ముందే రాళ్లసందుల ఊట నిలిచిపోవును. హంసపదికి మయూరశిఖ విద్య తెలియదు. ఊట నిలిచిన యేటనే అది ఎండును. తిరిగి వాన కురిసినను ఎండిన యాకు లేవదు. బావి చెడుచున్నదని మోటుకును, మనుష్యునికిని తెలియుటకు ముందు ఈ చిన్నమొక్కకు తెలియును.

కావున ఫెర్నులలో రెండు తెగలున్నవని చెప్పవచ్చును. నీరు లేకున్నను ఓర్చి వేచియుండునది యొకటి, నీటిని విడిచి క్షణముండలేనిది రెండవది. ఆ రెండవ తెగకు పెద్దమ్మవంటిది చెట్టుఫెర్ను.

దానిని చూడవలెనన్న రాష్ట్రమున ఈ కొననుండి ఆ కొనకు పోవలెను. మనది అనంతపురము, అది అనంతగిరి. పేరులో సగము ఒక్కటే, భాగ్యము మాత్రము వేఱు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు దారిలో అనంతగిరి కొండలున్నవి. కొత్తవలసనుండి కిరండూలునకు 1960వ దశకమున వేసిన రైలుమార్గము సొరంగములగుండ ఈ కొండలను దాటి పోవును. 2017వ సంవత్సరమున ఆ మార్గపు రైలునకు అద్దముల పైకప్పు గల పెట్టెను తగిలించిరి. అందు కూర్చున్న యాత్రికులు లోయలను, జలపాతములను చూచి యానందింతురు. అయితే చెట్టుఫెర్ను రైలుకిటికీలో కనబడుటకు కోరి నిలుచునది కాదు. వాగు మలుపు తిరుగుచోట, గట్టు విఱిగి తడిమన్ను బయటపడినచోట, పెద్దచెట్ల నీడ సగము పడి సగము వెలుతురున్నచోట దానిని వెదుకవలెను.

దూరమునుండి చూచినవారికి అది తాటియో, ఈతయో యని తోచును. కొమ్మలు లేని నిలువుమ్రాను, తలమీద గొడుగువలె విరిసిన ఆకులు. దగ్గఱకు పోయి చూచినచో పోలిక చెడును. మ్రాను తఱచుగా 16 అడుగుల ఎత్తునకు, కొన్నియెడల నంతకు మించియు పెరుగును. ఆకు ఒక్కొక్కటి ఆఱడుగులు మొదలు పదియడుగుల పొడవుండును. ఆ యాకు తాటాకువలె మట్ట కాదు, ఈతాకువలె ముల్లు కాదు. నడికాడనుండి రెమ్మలు, రెమ్మలనుండి చిఱురెమ్మలు, వానిపై రంపపుపండ్లవంటి చీలికలు; ఇట్లు మూడు మెట్లుగా విడిపోయి, పట్టుచీర అంచుమీది జరీపనివలె కన్నులకు ఇంపుగా నుండును. ఆకుకాడ నలుపు, చేతితో తడవిన గరుకుగా తగులును. రాలిన యాకుల గుర్తులు మ్రానుమీద నిలిచియుండును. మ్రానునకు టేకువంటి చేవలేదు. లోపల మెత్తని బొడ్డు, చుట్టు గట్టి నారల తీగెలు. మొదటివైపున వేళ్లు అల్లుకొని దానిని లావుచేయును.

దీని చిగురును చూచుటయే యొక వేడుక. మామిడిచిగురువలె అది తెఱచుకొని పుట్టదు. గడియారపు కమానువలె చుట్టుకొని పుట్టును. ముట్టినంతనే చుట్టుకొను రోకలిబండ పురుగును పిల్లలు చూచియుందురు. వేడి నూనెలో వేసిన చక్కిలమును మీరు చూచియుందురు. ఇదియు నట్టిదే, పిడికిలియంత యుండును. ఈ చుట్ట మెల్లమెల్లగ విప్పుకొనుచు పైకి లేచి పదియడుగుల యాకగును. చుట్టగా నున్నంతకాలము దానిని కప్పియుండునవి ముందు చెప్పిన పొలుసులే. మెఱయుచున్న ముదురు గోధుమవన్నె పొలుసులు ఒకదానిపై నొకటి కప్పుకొని, లేత చిగురునకు రగ్గు కప్పినట్లుండును. గాలికి తేమ యింకిపోకుండ, పురుగు నోరు పెట్టకుండ అవి కాచును. ఆకు ముదిరినకొలది పొలుసులు రాలును. రాలినచోట మిగిలిన గఱుకుపొక్కులే నల్లకాడను గరుకుచేయునవి. బిడ్డ పెద్దదైన తరువాత పొత్తిగుడ్డలతో పనిలేనట్లే ఇదియును.

శాస్త్రజ్ఞులు చెట్టుఫెర్నులను వేఱుచేయుటకు ఈ పొలుసునే గుర్తుగా గొనిరి. చెట్టుఫెర్నులలో కాడమీద వెండ్రుకలవంటి నూగు గలవి ఒక కుటుంబము, పొలుసు గలవి మఱియొక కుటుంబము. మన కొండలలోనిది పొలుసుల కుటుంబమునకు చెందినది. దాని శాస్త్రీయనామము సైయాథియా జైగాంటియా. 1793వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు స్మిత్తు పండితుడు ఈ జాతికి సైయాథియా యను పేరు పెట్టెను. గ్రీకుభాషలో దానికి చిన్నగిన్నె యని యర్థము. ఈ జాతిలోని పెక్కు ఫెర్నుల ఆకుల క్రింద నుండు చుక్కలకు గిన్నెవంటి ఒర యుండుటచే ఆ పేరు వచ్చినది. వింత యేమనగా, మన జైగాంటియాకు ఆ గిన్నె లేదు. చుక్కలు బట్టబయలుగనే యుండును. కలకత్తా వనమును పాలించిన వాలిచ్చు, ఇంగ్లండులోని హుక్కరు మున్నగువారు దీనిని మొదట వేఱుపేరుతో వర్ణింపగా, 1935వ సంవత్సరమున హోల్టము పండితుడు దీనిని సైయాథియాలో చేర్చెను. ఈశాన్యభారతమునుండి దక్షిణభారతము వఱకును, సింహళము, నేపాళము, బర్మా, సయాము మొదలుకొని సుమత్రా, జావా ద్వీపముల వఱకును దీని రాజ్యము వ్యాపించియున్నది. అంత విశాలమైన రాజ్యములో అది నిలుచునది మాత్రము వాగుగట్టువంటి తడిచోటులందే.

అట్లేల యనగా దాని సంతానక్రమమును తెలిసికొనవలెను. ఆకు వెనుక వరుసగా తీర్చిన గోధుమవన్నె చుక్కలను చూచి, తెగులు పట్టినదని కొందఱు ఆకును త్రెంచివేయుదురు. అవి తెగులు కావు. ఒక్కొక్క చుక్కయు సంచులగుంపు. ఆ సంచులలో కంటికానని పొడి యుండును. దానిని సిద్ధబీజములందురు. సంచి ఎండి పగిలినంతనే పొడి గాలిలో ఎగిరిపోవును. ఒక్కయాకునుండి లక్షలకొలది వెలువడును. తడిమన్నుమీద పడినది మాత్రము మొలకెత్తి, చిటికెనవ్రేలి గోరంతయు లేని పచ్చని రేకగును. దాని యాకారము హృదయమును పోలియుండును. ఇది ఫెర్ను కాదు, ఫెర్నునకు తల్లి. ఈ రేకు అడుగున స్త్రీకణములును పురుషకణములును పుట్టును. పురుషకణమునకు తోకలుండుటచే అది యీదుకొనుచు స్త్రీకణమును చేరవలెను. ఈదుటకు నీరు కావలెను. రేకు అడుగున మంచుబిందువంత నీటిపొర యున్నచో పెండ్లి జరుగును. లేనిచో ఆ వంశము అక్కడితో ముగియును. పూలమొక్కలకు తుమ్మెదయో, గాలియో పౌరోహిత్యము చేయును. ఫెర్నునకు పురోహితుడు నీరే.

ఈ రహస్యమును సమగ్రముగ వెలువరించినది 1851వ సంవత్సరమున జర్మనీ దేశీయుడగు హాఫ్‌మైస్టరు. ఆయన తండ్రి సంగీతగ్రంథముల వర్తకుడు. కుమారుడును ఆ దుకాణమునందే పనిచేయుచు, విశ్వవిద్యాలయములో చదువక, ఇంటనే సూక్ష్మదర్శినితో శ్రమించి ఈ ఘనకార్యము సాధించెను. 1863లో హైడల్‌బర్గు విశ్వవిద్యాలయము వారు ఆయనను ఆచార్యునిగా నియమించిరి. ఇంట చదువుకొన్నవారి చదువు చదువు కాదనువారికి ఈ యుదాహరణము చాలును.

ఈ పొలుసుల కుటుంబము మిక్కిలి ప్రాచీనమైనది. భూమిమీద పూలమొక్కలు వ్యాపింపకముందే, రాక్షసిబల్లులు తిరుగాడు జురాసిక్ యుగమున, చెట్టుఫెర్నులుండెను. పూర్వపు అదిలాబాదు జిల్లాలోని యామనపల్లె దగ్గఱ దొరకిన ఎముకలతో కూర్చిన కోటసారసు అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియున్నది. పిల్లలను తీసికొనిపోయి అనేకులు చూచియుందురు. అదియు జురాసిక్ యుగపు జంతువే. అంతటి జంతువు ఎముకగా మిగులగా, అంతకంటె మెత్తని మ్రాను గల ఫెర్నుల కుటుంబము ఇంకను చిగుర్చుచున్నది.

ఇక దాని నివాసమును కొంచెము పరికింపుడు. ఇది సాధారణముగా సముద్రమట్టమునకు 600 మొదలు 1,000 మీటర్ల ఎత్తున పెరుగునని చెప్పుదురు. మా పొరుగున నున్న హిందూపురము కూడ 600 మీటర్లకు పైబడిన ఎత్తుననే యున్నది. అయినను అచ్చట చెట్టుఫెర్ను లేదు, ఉండజాలదు. కాబట్టి ఎత్తు చాలదు; తేమ కావలెను. అనంతగిరి కొండలకు నైరుతివానయు, బంగాళాఖాతపు వాయుగుండముల వానయు రెండును దక్కును. కురిసిన నీరు పాఱిపోకుండ అడవి పట్టియుంచును. రాలిన యాకుల మెత్తపై పడిన నీరు మెల్లగ నేలలోనికింకి, వాన వెలసిన నెలలకు కూడ చిన్న ఊటలై వాగులను పాఱించును. ఆ వాగు ఎండకుండ నుండుటచేతనే మార్గశిర పుష్యములలోను చెట్టుఫెర్ను మొదట తడి యుండును. పైనున్న చెట్లను నఱకినచో ఎండ నేరుగ వాగుమీద పడును, ఆకుమెత్త కొట్టుకొనిపోవును, వానకాలమున వఱదయు, వేసవిలో ఎండువాగును మిగులును. అప్పుడు చెట్టుఫెర్నును ఎవ్వరును గొడ్డలితో ముట్టకున్నను అది చచ్చును. పెద్దమ్రాను కొన్నేండ్లు ఓర్చినను, సిద్ధబీజము మొలచు తడిమన్ను లేకపోవుటచే బిడ్డలుండవు. నిలిచియున్న చెట్లను చూచి అంతయు క్షేమమని మనము భ్రమపడుదుము.

ఈ వాగులు చెట్టుఫెర్నునకు మాత్రమే నీరిచ్చునవి కావు. గోస్తనీనది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహలగుండ పాఱి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. దారిలో తాటిపూడివద్ద దానికి ఆనకట్ట కట్టి జలాశయము నేర్పఱచిరి. విశాఖపట్టణమునకు త్రాగునీరిచ్చు చోటులలో అది యొకటి. అనగా కొండమీద ఫెర్ను చిగురును తడుపు నీరే క్రిందికి దిగివచ్చి, పట్టణపు గృహిణి కుళాయిక్రింద పెట్టిన బిందెను నింపుచున్నది. మా యూరి బావిగోడమీది హంసపదికిని మా చేదకును ఏ సంబంధముండెనో, అనంతగిరి చెట్టుఫెర్నునకును విశాఖ బిందెకును అదియే సంబంధము. మేము ఒకదానిని పోగొట్టుకొని తెలిసికొంటిమి; వారికి ఇంకను పోగొట్టుకొనకుండ తెలిసికొను నవకాశమున్నది.

ఆ కొండలకు అపాయము రాకపోలేదు. బొర్రా చుట్టుపట్ల భూమిలో విలువగల ఖనిజములున్నవి. అచ్చటి గిరిజనగ్రామములలో గనులకై ఇచ్చిన కౌళ్లపై సమత యను సంస్థ వ్యాజ్యము నడపగా, 1997వ సంవత్సరము జూలై 11వ తేదీన సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. షెడ్యూలు ప్రాంతములలో ప్రభుత్వభూమిని సయితము గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనులకై కౌలుకిచ్చుట చెల్లదని దాని సారాంశము. అది గిరిజనుల భూమిహక్కును గూర్చిన తీర్పు, మొక్కలను గూర్చినది కాదు. అయినను కొండను త్రవ్వకుండ నిలిపినచోట వాగు నిలుచును. వాగు నిలిచినచోట ఫెర్ను నిలుచును. కొండవారి పోడువ్యవసాయమే అడవికి శత్రువని పట్టణములలో కూర్చుండి తేలికగ ననుచుందురు. వెడల్పు చేయు రోడ్లు, గనులు, యాత్రికుల విడిదిభవనములు ఎవరి సౌఖ్యమునకై వచ్చుచున్నవో కూడ లెక్కపెట్టినగాని న్యాయము కాదు.

చెట్టుఫెర్నునకు మఱియొక ముప్పు తోటలవేడుకవలన కలుగుచున్నది. దీని మ్రాను నారలు నీటిని పట్టియుంచును గనుక, ఆర్కిడు పూలమొక్కలను వానిపై నాటుట లోకమంతట ఆచారమైనది. ఒక్క ముక్కకొఱకు మ్రానును కోయవలెను. కొబ్బరి, తాటి చెట్ల మొవ్వ నఱకినచో చెట్టు మరల చిగుర్పదని మన మెఱుగుదుము. ఇదియు నట్టిదే. తలయొద్ద నొక్కటియే మొలకచోటు. అది పోయిన సర్వము పోయినట్లే. ఏండ్లతరబడి మెల్లగ పెరిగినది ఒక్క గడియలో తెగిపోవును. 1973లో వాషింగ్టను నగరమున దేశములు చేసికొన్న యొడంబడిక 1975లో అమలునకు వచ్చినది. భారతదేశము 1976లో అందు చేరినది. సైయాథియా జాతిని ఆ యొడంబడిక రెండవ పట్టికలో చేర్చిరి. అనుమతిపత్రము లేక దీనిని దేశములు దాటింపరాదు. మంచిదే, కాని ఓడరేవులో కాపలాయున్నంత మాత్రమున వాగులో నీరు నిలువదు గదా.

కావున సోదరీమణులు చేయదగినది కొంత కలదు. అరకు యాత్రకు పోయినపుడు చెట్టుఫెర్ను పిల్లమొక్కను పెఱికి తెచ్చి పెరటిలో నాటవలెనని మనస్సు పుట్టును. నీడయు, వాగును తేలేనివారు మొక్కను తేరాదు. మైదానపు వేసవికి అది నిలువదు. పూలకుండీలకు ఫెర్నుమ్రాను ముక్కలను చూపినచో కొనక, కొబ్బరిపీచు నడుగుడు. అది మన యింటనే దొరకును, పనియు నట్లే చేయును.

ఫెర్నును పిల్లలకు చూపవలెనన్న కోరికయున్నచో ఇంటనే తీర్చుకొనవచ్చును. తడిగోడలమీదను, కాలువగట్లమీదను తనంతట మొలచిన ఏ ఫెర్నుదైనను ఒక్క యాకు చాలును. చుక్కలు ముదిరి గోధుమవన్నెకు వచ్చినపుడు దానిని కోసి, తెల్లకాగితముపై చుక్కలు క్రిందికి వచ్చునట్లు పఱచి, గాలి తగులనిచోట రాత్రియంతయు నుంచుడు. తెల్లవారునప్పటికి ఆకు అచ్చుపడినట్లు కాగితముమీద పొడి రాలియుండును. ఇటుకముక్క నొకదానిని నీటిలో బాగుగ మఱగించి చల్లార్చి, పళ్లెములో పెట్టి, పళ్లెమున కొంచెము నీరు పోసి, ఇటుకపై ఆ పొడిని చల్లి, గాజుసీసా బోర్లించి నీడలో నుంచుడు. నీరు ఎండకుండ చూచుచుండుడు. కొన్ని వారములకు ఇటుక పచ్చబడును. పిదప హృదయాకారపు రేకులు కనబడును. వానినుండి చుట్టుకొన్న చిన్న చిగురు తల యెత్తును. పుస్తకములో పది పుటలు చదివిన దానికంటె ఈ యొక్క ఇటుకముక్క పిల్లలకు ఎక్కువ నేర్పును. ఒక్కనాడు నీరు పోయుట మఱచిన నేమగునో కూడ అదియే నేర్పును.

చివఱగా నొక మనవి. మీ గ్రామములో రాతికట్టడపు పాతబావి యున్నచో, ఈ వానకాలము ముగిసిన తరువాత ఒకమాఱు పోయి దాని గోడను చూడుడు. హంసపది యున్నదా, ఎన్నవ మెట్టువఱకు నున్నది, ఇంటిలోని వృద్ధురాండ్ర చిన్నతనమున ఎంతవఱకు నుండెడిదో అడిగి వ్రాసికొనుడు. ఆ బావిలో చెత్త పోయుచున్నచో పెద్దలతో చెప్పి మాన్పింపుడు; వాననీరు దానిలోనికి మళ్లు దారి మూసుకొనిపోయినచో తెఱపింపుడు. మీరు కన్నదానిని ఈ శీర్షికకు వ్రాసి పంపినచో, వచ్చు మాసములలో క్రమముగ ప్రకటింతుము.